సూదితో బెదిరించిన ఏళ్ళు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న నా క్లినిక్‌కి ఎల్బీ నగర్ నుంచి ఒకామె ఆరేళ్ళుగా వచ్చేది. నల్గొండ వైపు మనిషి. ఇక్కడ గది తీసుకుని, మిషన్ మీద జాకెట్లు కుట్టుకుని ఒంటరిగా బతికేది. వచ్చిన ప్రతిసారీ షుగర్ ఎక్కువే. నేను ఇంకో మాత్ర కలిపి, "ఈసారి తగ్గకపోతే ఇన్సులిన్ సూదే" అని బెదిరించి పంపేవాణ్ణి. మా సీనియర్లూ అంతే చేసేవాళ్ళు. పేషెంట్లు దారికి రావాలంటే అంతకంటే మంచి మాట లేదనుకునేవాళ్ళం.

నిజానికి ఆమెకు మూడేళ్ళ కిందటే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సింది. అది నాకు తెలుసు. కానీ సూది ఎలా వేసుకోవాలో నేర్పాలంటే అరగంట పడుతుంది, బయట నలభైమంది కూర్చునుంటారు. ఇన్సులిన్ ఎక్కువై షుగర్ పడిపోయి ఆమె మిషన్ మీదే ఒరిగిపోతే నన్నంటారు. సూది అనగానే ఎదురు క్లినిక్‌కి పోతుందేమో కూడా. ఈ దిక్కుమాలిన సాకులన్నీ కడుపులో పెట్టుకుని, పేషెంట్లే ఒప్పుకోరండీ అని అందరితో అనేవాణ్ణి. ఆమెను ఒక్కసారీ అడగలేదు.

మొన్న కాలి బొటనవేలు నల్లబడి వచ్చింది. వేలు తీసేయాలని, ఇవాళే ఇన్సులిన్ మొదలుపెట్టాలని చెప్పాను. ఆమె కాలి వైపైనా చూడకుండా సంచిలోంచి ఖాళీ మాత్రల అట్టలు తీసి నా బల్ల మీద పేర్చింది.

"ఒక్క గోలీ తప్పలే సారూ, జూడుండ్రి. బువ్వ గూడ ఇడిసిపెట్టిన. గింత జేసినా సూదే అంటున్రు. నేనేం తప్పు జేసిన?"