గుమ్మం దగ్గర తోమాసన్న

మా తోమాసన్న ఎవర్నీ గుమ్మం దాటనివ్వడు. అన్నీ అడిగాకే వదులుతాడు. ఒక్కోసారి అన్నీ అడిగాక కూడా వదలడు.

2009లో గోదావరిఖనిలో, గని కార్మికుల వైద్య కార్డులు తయారుచేసే కంప్యూటర్ గదిలో ఆయన సీనియరు, నేను కొత్తగా చేరిన జూనియరు. నేను టీకి లేచినా తలుపుకు అడ్డం నిలబడేవాడు.

"గొడుగు పట్టినవా?"

"ఎండ కొడుతుందన్నా!"

"ఎండకే అడుగుతున్న. చక్కెర తక్కువెయ్యమని చెప్పుడు యాదికుంటదా?"

షేరు ఆటోలోనూ అంతే. దిగేవాళ్లను ఆపి, "టిఫిను డబ్బా? కండ్లద్దాలు? పిల్ల?" అని ఆరా తీసేవాడు. ఒకసారి ఒకామె నిజంగానే పిల్లను మరిచింది. ఇక ఆయన్ను పట్టడం ఎవరి తరం కాలేదు. ఆటో గట్టయ్య ఆయన్ను చూస్తే బండి ఆపకుండా పోయేవాడు.

కార్డుల కోసం నేను రాసిన జావా ప్రోగ్రాం మొదలైన రోజే సారవ్వ వచ్చింది. గని కార్మికుడైన కొడుకు ఎల్లేశం డ్యూటీలో ఉన్నాడు. పదకొండింటి బస్సుకు ఆమె కంటి ఆపరేషనుకు కరీంనగర్ పోవాలి. కార్డులో పేరుంటేనే చేర్చుకుంటారు.

మీట నొక్కాను. ఎల్లేశం వివరాలొచ్చాయి. కుటుంబం దగ్గరికొచ్చేసరికి స్క్రీను నిండా ఎర్రక్షరాలు.

"బిడ్డా, నా పేరు కొట్టేసిన్రా?" అంది సారవ్వ.

తప్పు నాదే. మా సర్వరు ముసలిది, అంతా ఒకేసారి మోయలేదు. అందుకే ముందు కార్మికుడి వివరాలే తెచ్చి, ఇంటివాళ్ల పేర్లు అవసరమైనప్పుడు తెచ్చేలా రాశాను. దాన్నే లేజీ లోడింగ్ అంటాం. కానీ మొదటి వివరాలు రాగానే డేటాబేస్‌తో సెషన్, అంటే దానితో ఉన్న లంకె, మూసేశాను. ఆ తర్వాత పేర్లడిగితే తెచ్చేదెవరు?

తోమాసన్న కుర్చీ లాక్కున్నాడు. "సెషన్ మూయకముందే అవ్వ పేరు గూడ తెచ్చుకోవాలె గద తమ్మీ! కార్డు పనికి కొడుకుతోని ఇంటోళ్లను గూడ పట్టుకరమ్మని రాయాలె. మిగిలినకాడ నీ పద్ధతే ఉండనీ."

ఒక్క వాక్యం మార్చాడు. పదిన్నరకు కార్డు వచ్చింది. సారవ్వను వెంటనే వదిలాడనుకుంటున్నారా?

"మందులు? చెద్దరు? తోడెవరు?"

"కోడలు బయటున్నది, జల్ది పోనియ్యి కొడకా!"

ఆమె అటు పోగానే ఆఫీసరు ఊడిపడ్డాడు. "బయట నలభై మంది కూసున్నరు! ఈ ప్రోగ్రాం జగదీశ్వర్‌దేనా?"

జగదీశ్వర్ అంటే నేనే. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

"చూసి సరే అన్నది నేను సార్. తప్పు నాదే" అన్నాడు తోమాసన్న. నిజానికి నేను ఆయనకు చూపించనే లేదు. పది నిమిషాలు తిట్లు తిన్నాడు.

ఆఫీసరు వెళ్లాక, సిగ్గుతో తల దించుకుని ప్రశ్నల కోసం ఎదురుచూశాను. ఊరందర్నీ అన్నీ అడిగే ఆ మనిషి, తనకెందుకు చూపించలేదని ఒక్క మాటా అడగలేదు. ప్రింటర్లో కాగితాలు సర్ది, "తర్వాతోళ్లను పిలువు తమ్మీ" అన్నాడు.