పెద్దేముల్ సుగుణ డెన్మార్క్ వెళ్తోంది

సంతోషం పట్టలేక ఇంటికి రాగానే ఇది రాస్తున్నాను. రెండేళ్ల క్రితం యువ రైతుల మార్పిడి పథకంలో నేను డెన్మార్క్ వెళ్లి, ఒక రైతు కుటుంబంతో ఆరు నెలలు ఉండి వచ్చాను. ఈసారి వెళ్లాలనుకునే నలుగురికి తాండూరులో రెండు వారాలుగా ఇంటర్వ్యూకని ఇంగ్లీషు జవాబులు బట్టీ పట్టిస్తున్నాను. వాళ్లలో పెద్దేముల్ సుగుణ ఒక్కతే ఆడపిల్ల.

ఈ రోజు వికారాబాదులో సుగుణకు ఇంటర్వ్యూ జరిగింది. దుబాసీగా నన్నే కూర్చోబెట్టారు. డెన్మార్క్ నుంచి వచ్చిన దొరసాని, "మా దేశంలో నీకు దిగులేస్తే ఏం చేస్తావు?" అని ఇంగ్లీషులో అడిగింది. సుగుణ నేను నేర్పినదంతా మరిచిపోయింది. అయినా తలెత్తి తెలుగులోనే చెప్పింది.

"పని దొరికితె నాకేం ఫికర్ లేదమ్మా. ఆవును సూపియ్యుండ్రి, పాలు పిండుత. ఏడుపొస్తె గా ఆవు పక్కనే జర ఏడుస్త, మల్ల పని చేస్త."

ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను. దొరసాని లేచి వచ్చి సుగుణ చేతులు పట్టుకుని, "నువ్వు మా ఇంట్లోనే ఉందువుగాని" అంది. అక్కడికక్కడే ఎంపిక చేశారు!

తిరుగు రైల్లో సుగుణ మెల్లగా అడిగింది. "అక్కా, గక్కడి ఆవులకు తెలుగు సమజైతదా?"

"మస్తు సమజైతది" అన్నాను. ఆరు నెలలూ వాటితో నేను తెలుగులోనే మాట్లాడాను మరి.

మిగతా ముగ్గురికి ఇంటర్వ్యూ రేపు. వాళ్లకిక ఏం నేర్పమంటారో మీరే చెప్పండి!