తిట్టేకి ఒక మనిషి

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఈడు వాళ్ళందరికీ ఒక రకమైన పూనకం ఉండేది. ఏం చేసినా దేశం కోసమే చేస్తున్నామనుకునేవాళ్ళం, పళ్ళు తోముకున్నా సరే. ఆ పూనకంలోనే నాకు మద్రాసు నుంచి ఒక పరిశోధక వేతనం మంజూరైంది. దాని పేరు ‘ప్రభుత్వ విజ్ఞాన విధానమూ ప్రజల విశ్వాసమూ: పరస్పర సంబంధ పరిశీలన’. (ఇప్పటికీ ఒక్క ఊపిరిలో చెప్పలేను.) ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మా నాయన ఆ పేరును నాచేత రెండుసార్లు చెప్పించుకుని, “అంటే, సర్కారును జనం నమ్ముతారా లేదా అని అడిగేకి నీకు జీతమిస్తారా? నన్నడిగింటే ఊరికే సెప్తాంటి గదమ్మా” అన్నాడు. అయినా పంపించాడు. నేను వెళ్ళవలసిన ఎమ్మిగనూరు ఆదోని నుంచి బస్సు దూరమే. పైగా నాకింకా సంబంధం కుదరలేదు, ఇంట్లో ఉంటే చదివిన చదువంతా ఆయన మీదే ప్రయోగిస్తానని భయం.

నా పరిశోధన సంగతి ఇదీ. చలిజ్వరం తెచ్చే దోమల్ని చంపడానికి జీపులో మనుషులొచ్చి ఇళ్ళ గోడలకు డీడీటీ మందు కొట్టేవారు. నేతగాళ్ళ వీధిలో ఒక్కరూ కాదనలేదు. చేతులు కట్టుకుని నిలబడి మరీ కొట్టించుకున్నారు. జీపు మలుపు తిరగ్గానే ఆడవాళ్ళు ఎర్రమన్ను కలిపి గోడలన్నీ పూసేశారు. కాగితం మీద వీధంతా మందు, గోడల మీదంతా మన్ను. దోమలకు రెండూ సమ్మతమే. మరి ఇలా ఎందుకు చేస్తున్నారో కనుక్కుని రమ్మని మా ప్రొఫెసరుగారు నన్ను ప్రశ్నలతో సహా ఆ వీధికి తోలారు.

నేను అద్దెకు దిగింది ఒక అవ్వ ఇంటి ముందుగదిలో. వెనకగదిలో గుంత మగ్గం, దాని మీద ఆమె కొడుకూ కోడలూ వంతుల వారీగా నేసేవాళ్ళు. అయిదేళ్ళ మనవరాలొకతె ఉండేది. ఏటా వానలు పట్టాయంటే ఆ పిల్లకు చలిజ్వరం వచ్చేది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణికేదట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం అవ్వ గొంతు తగ్గేది, మిగతా వేళల్లో ఆమె మాట్లాడితే పక్క వీధిలో మగ్గం ఆగేది. మొదటి ప్రశ్న ఆమెనే అడిగాను. “మీకు విజ్ఞానశాస్త్రమునందు విశ్వాసము కలదా? కలదు, కొంత కలదు, లేదు.” అవ్వ నన్ను ఎగాదిగా చూసి, “దాన్ని మా ఇంట్లో ఒగ పూట సంగటి తినమను, అప్పుడు సెప్తా” అంది. ఆ సమాధానం ఏ గడిలో రాయాలో ప్రొఫెసరుగారు నేర్పలేదు.

నెల తిరిగేసరికి ప్రశ్నలు మూలపడేసి, అవ్వ పక్కన కూర్చుని నూలు చుట్టడం నేర్చుకుంటున్నాను. (చాలా చెడ్డగా.) ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. “అవ్వా, పిల్లకు జ్వరమొస్తుందని ఏడుస్తావు, మందు కొడితే మన్ను పూస్తావు. ఇదేం న్యాయం?”

“మందు మంచిదో సెడ్డదో నాకేం తెలుసు పాపా? జీపొచ్చె, పాయ. రేపు పిల్లకేమన్నా అయితే తిట్టేకి ఎవురుండారు? జీపును తిట్టాల్నా? ఆ అంగడాయప్ప సెడిపోయిన బియ్యమిస్తే వాని మొగం మీద పోస్తా. ఆయప్ప ఈడే ఉంటాడు, అందుకే నమ్ముతా. తిట్టేకి మనిషి లేని సరుకు నాకొద్దు.”

విజ్ఞాన విధానమూ ప్రజా విశ్వాసమూ అంతా అక్కడుంది. నాకప్పుడు అంత అర్థం కాలేదు గానీ, పౌరుషం మాత్రం వచ్చింది. “నేనుంటాను, నన్ను తిట్టు” అన్నాను.

“నువ్వు పొయ్యేదానివి.”

“పోతే ఎక్కడికి పోతాను? ఆదోనికేగా. పత్తి మార్కెట్టు దగ్గర మా నాయన ఇల్లు ఎవర్నడిగినా చెప్తారు. వచ్చి తిట్టు.”

అవ్వ చుడుతున్న నూలు పక్కన పెట్టి, “బస్సు సార్జి నీదే” అంది. ఈసారి జీపు వచ్చి వెళ్ళాక ఆ ఇంటి గోడలకు మన్ను పూయలేదు. అవ్వను చూసి మరి కొన్ని ఇళ్ళూ ఊరుకున్నాయి, తిట్టడానికి ఒక మనిషి దొరికిందన్న కబురు వీధిలో పాకింది కాబోలు. ఆ పైన నేను తిన్న తిట్లకు లెక్కలేదు. కోడి చచ్చినా నేనే, నూలు పోగు తెగినా నేనే. ఒకామె మొగుడు అలిగి గూడూరు పోతే అదీ ఆ మందు వాసనకేనని వచ్చి గుమ్మంలో నిలబడి దులిపింది. అదృష్టమేమిటంటే మంచాల్లో నల్లులు కూడా చచ్చాయి. వీధంతా మందును మెచ్చుకుంది. దోమల సంగతి ఎవరికీ పట్టలేదు. వానలు వచ్చాయి, వెళ్ళాయి. అవ్వ నాకు థాంక్సు చెప్పలేదు. “ఈ యేడు పిల్ల జరమొచ్చి పండుకోలేదు” అంది, అంతే. ఆ మాట విని నేను గదిలోకి పోయి ఏడ్చాను. ప్రొఫెసరుగారికి మాత్రం జనం మందును నమ్మరు, తిట్టడానికి అందే మనిషిని నమ్ముతారు అని రాశాను. ఆయన దాన్ని కొట్టేసి ‘స్థానిక బాధ్యతాయుత ప్రాతినిధ్యము’ అని దిద్దారు.

వేతనం గడువు తీరి ఆదోని చేరాను. మరుసటి ఏడు నాకొక సంబంధం వచ్చి, పెళ్ళివారు మా నట్టింట్లో లడ్లు తింటూ ఉండగా అవ్వ వచ్చింది. చెప్పులు గుమ్మంలో విడిచి, నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది.

“ఏం పాపా, పండగ జేసుకుంటాండావా? ఆడ నల్లులు నన్ను పీక్క తింటాండాయి! మందు తాగి ఇంకా బలిసినాయి. నీ సదువుకున్న పిల్ల యాడికి పాయ అని ఈదంతా నగుతాండారు. నిన్ను నమ్మి సెడిపోతి గదే!”

పెళ్ళివారి చేతుల్లో లడ్లు ఆగిపోయాయి. మా నాయన గోడవైపు తిరిగాడు. అవ్వ తిట్టవలసినదంతా తిట్టి, చెంబుడు మజ్జిగ తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. “ఇప్పుడు సెప్పు. మల్లా జీపొచ్చింది. ఈదిలో అందురూ తలుపులేసుకున్యారు. వానలొస్తాండాయి, పిల్లుంది. కొట్టిచ్చాల్నా, వద్దా?”

జ్వరం రాదని చెప్పకూడదు, ‘వచ్చు అవకాశము తగ్గును’ అని మాత్రమే చెప్పాలని ప్రొఫెసరుగారి ఆజ్ఞ. ఆ ముఖం ముందు ఆ మాట ఎలా అనేది?

“కొట్టించవ్వా. నల్లులు చావకపోయినా దోమలు చస్తాయి. మన్ను పూయొద్దు.”

“జరమొస్తే?”

“మళ్ళీ రా.”

“వస్తా” అని, కొంగులో బొరుగులు పోయించుకుని వెళ్ళిపోయింది. (ఇన్ని మాటలు పడీ నోరెత్తని పిల్ల మాకు కావాలని మా అత్తగారు అక్కడికక్కడే ముహూర్తం పెట్టించింది. ఆ తర్వాత ఆమె ఎంత మోసపోయిందో వేరే కథ.)

ఆ తర్వాత ఏటా వానలు వెలిశాక అవ్వ వచ్చేది. నా కాపురం గుంతకల్లుకు మారినా కనుక్కుని వచ్చింది. బస్సు ఆలస్యమనీ, నా కాఫీ కషాయమనీ, నేను చిక్కిపోయాననీ తిట్టేది. పిల్ల మాట ఎత్తేది కాదు. ఎత్తకపోతే పిల్ల బాగుందని నాకు తెలుసు. ఒక ఏడు వానలు వెలిశాయి, నేను బొరుగులు తెప్పించి పెట్టాను. అవ్వ రాలేదు. బొరుగులు మెత్తబడిపోయాక గానీ నాకు ఆశ చావలేదు. నన్ను పొగిడినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ ముఖాలు గుర్తులేవు. ఆ ముందుగది, ఆ మగ్గం చప్పుడు, గుమ్మంలోంచి వినబడే ఆ తిట్లు మాత్రం ఇప్పటికీ కావాలనిపిస్తాయి.

మొన్న మా వీధిలోకి దోమల మందు కొట్టే అతను వచ్చాడు. గేటు తీయకుండా అడ్డంగా నిలబడి, “మందు సరే, జ్వరమొస్తే తిట్టడానికి నువ్వెక్కడుంటావు నాయనా?” అన్నాను. అతను మందు డబ్బా దించి, నా తెల్లజుట్టు వైపు చూసి నవ్వాడు.

“ఈ సందు సివరే మా ఇల్లు. వచ్చి తిట్టు అవ్వా.”

గేటు తీశాను.