గోడ దగ్గర గీసిన బాణం

అంబిక గీసిన బొమ్మ సరైనదే. అయినా ఆమెకు సున్నా వేశారు. ఆ సున్నాను ఆమె ఏడాదిన్నర పాటు నోరెత్తకుండా మోసింది.

వికారాబాద్ బయట ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆమె మొదటి సంవత్సరం చదువుతున్నప్పటి సంగతి ఇది. మెకానిక్స్ మిడ్ పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. గోడకు ఆనించిన పలక జారకుండా నిలబడాలంటే దాని అడుగు గోడకు ఎంత దూరం దాకా ఉండవచ్చు? నేల దగ్గరా గోడ దగ్గరా ఘర్షణ గుణకం 0.3 అని ప్రశ్నలోనే ఇచ్చారు. ఘర్షణ ఎటు పట్టుకుంటుందో చూపుతూ అంబిక నేల దగ్గర ఒక బాణం, గోడ దగ్గర పైకి చూపే ఇంకో బాణం గీసింది. సారు చేతిలోని గైడులో మాత్రం గోడ నున్నగా ఉంది, అక్కడ ఘర్షణే లేదు. ప్రశ్న ఒక పుస్తకంలోది, జవాబు మరో పుస్తకంలోది. ఆయన గైడు చూసి దిద్దారు. అంతటితో ఊరుకోలేదు, ఆ పేపరును క్లాసులో పైకెత్తి అందరికీ చూపించారు.

"ఏమ్మా, గోడ నీ పలకను పైకి పట్టుకుంటదా? ఎక్కడ చూసినవ్ గిసొంటి గోడ?"

వెనక బెంచీలోంచి రాకేష్ అందుకున్నాడు. "వాళ్లింట్ల గోడలకు చేతులున్నయేమో సార్!"

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు.

అలాంటి గోడను అంబిక చిన్నప్పటి నుంచీ చూస్తోంది. వాళ్లది పెద్దేముల్. తండ్రి మొగులప్ప తాండూరులో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కూలి. పాలిష్ పట్టిన బండను గోడకు ఆనించేటప్పుడు ఆయన రెండింటికీ మధ్య తడి గోనెసంచి వేలాడదీస్తాడు. గోనె పట్టుకుంటుంది, బండ జారదు. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఎక్కడ చూశావంటే తండ్రి పని చెప్పాలి. కాలేజీలో చేరిన మొదటి వారమే స్నేహితురాళ్లతో "మా డాడీది బండల బిజినెస్" అని ఆమె అనేసి ఉంది. తలవంచుకుని పేపరు తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి బ్యాగు అడుగున దాచింది.

అబద్ధం ఒక్కసారి ఆడితే సరిపోదు కదా. ఒక సాయంత్రం తాండూరు స్టేషన్‌లో రైలు దిగేసరికి మొగులప్ప బయట నిలబడి ఉన్నాడు. తలనుంచి పాదాల దాకా రాతిపొడి. బిడ్డతో కలిసి ఒకే ఆటోలో ఊరికి పోదామని ఆయన ఆశ. అంబిక పక్కన స్నేహితురాళ్లున్నారు. ఆమె ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి దాటి పోయింది. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు ఆయన, "రేపట్సంది నేను వేరే ఆటోల వస్త తీ బిడ్డా" అన్నాడు.

ఆ రెండు రోజుల సిగ్గు కలిసి ఆమె చదువును తినేసింది. క్లాసులో మళ్లీ సందేహం అడగలేదు. తనకు తట్టేదంతా తప్పేనని నమ్మి, గైడులోని లెక్కలను అంకెలతో సహా బట్టీ పట్టడం మొదలుపెట్టింది. మెకానిక్స్ రెండుసార్లు పోయింది. ఆ మిడ్ సున్నా పుణ్యమా అని కాలేజీ వేసిన ఇంటర్నల్ మార్కులు పదకొండే. పాసవ్వాలంటే మొత్తం నలభై కావాలి, అంటే రాతపరీక్షలో ఇరవై తొమ్మిది రావాలి. ఈసారి కూడా రాకపోతే మూడో సంవత్సరంలోకి పంపేది లేదని కాలేజీ చెప్పేసింది. ఏడాది పోతుంది. ఇంట్లో ఇంకో ఏడాది చదివించే తాహతు లేదు.

అప్పుడు పోయింది పద్మారాణి మేడం దగ్గరికి. తాండూరులో ఇంటర్‌లో ఆమెకు ఫిజిక్స్ చెప్పిన మేడం ఆవిడ. రిటైరై అక్కడే ఉంటున్నారు.

"మస్తు పరేషాన్ల ఉన్న మేడం. ఒక పది లెక్కలకు జవాబులు రాసియ్యుండ్రి, బట్టీ కొడ్త."

మేడం ఆమె చేతిలోని గైడు తిరగేశారు. "పలక పొడుగు ఐదు మీటర్లు తీసేసి ఆరు ఇస్తే?"

"ఐదే ఇస్తరు మేడం. పోయినసారి గూడ ఐదే ఇచ్చిండ్రు."

"మరెందుకు ఫెయిలైనవ్?"

"పలక తీసేసి నిచ్చెన పెట్టిండ్రు."

మేడం గట్టిగా నవ్వారు. అంబికకూ నవ్వొచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. బ్యాగు అడుగునుంచి ఆ పాత పేపరు తీసి ఇచ్చింది. మేడం ప్రశ్న రెండుసార్లు చదివారు. నవ్వు ఆగిపోయింది.

"గీ బాణం ఎందుకు గీసినవ్?"

"తప్పే మేడం."

"తప్పని ఎవరన్నరు? గోడకు గూడ ఘర్షణ ఉందని ప్రశ్నలనే ఉన్నది గద. నువ్వు గీసిందే కరెక్ట్. ఇంతకూ నీకు ఎట్ల తట్టింది? ఎక్కడ చూసినవ్?"

మళ్లీ అదే ప్రశ్న. ఈసారి నవ్వేవాళ్లు లేరు. అయినా తండ్రి మాట ఎత్తకుండా, "బండల కాడ" అంది.

"ఏ బండల కాడ? పద, చూసొద్దాం. నాక్కూడా చూడాలనుంది."

వద్దనడానికి కారణం చెప్పలేక అంబిక వెంట నడిచింది. ఫ్యాక్టరీలో మొగులప్ప ఇద్దరినీ దూరం నుంచే చూశాడు. ఒక్క క్షణం కూతురి ముఖం చూసి, ఏం అర్థం చేసుకున్నాడో, తువ్వాలుతో మొహం తుడుచుకుని ఎదురొచ్చాడు.

"రాండ్రి మేడం. ఏం బండలు గావాలె?"

"బండలు కాదన్నా. గోడకు ఎట్ల నిలబెడ్తవో చూపియ్యి."

ఆయన చూపించాడు. బండ అడుగును గోడకు జానెడు దూరంలో పెట్టాడు. వెనక గోనె ఉన్నంతసేపూ కదల్లేదు. అడుగుకు కాస్త ఎడంగా కాలు అడ్డం పెట్టి గోనెను మెల్లగా లాగేయగానే అది సర్రున రెండు వేళ్ల మందం జారి ఆయన చెప్పుకు ఆగింది.

"గోనె లేకుంటే గోడ పట్టది మేడం."

"ఎవరు నేర్పిండ్రు నీకు?"

"ఎవరు నేర్పుతరు? ఒక బండ నా కాలు మీద పడ్డది, గదే నేర్పింది." చిటికెన వేలు లేని ఎడమ పాదం చూపించి నవ్వాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, చూపు నేల మీదికి దించుకుని, "మీరు జర దూరం నిలవడుండ్రి అమ్మా. మీ బట్టలకు పౌడర్ అంటుతది" అన్నాడు.

కన్నకూతురిని 'మీరు' అన్నాడు. ఆమె పరువు కాపాడటానికి తనను తాను పరాయివాణ్ని చేసుకున్నాడు.

"నాయినా!" అంది అంబిక. ఆ మాట మిషన్ల చప్పుడులో ఎంత దూరం వినిపించిందో తెలియదు. "మేడం, మా నాయిన."

మొగులప్ప కంగారుపడ్డాడు. "గట్లంటవేంది బిడ్డా, ఎవరన్న ఇంటరు!"

"విననియ్యి."

ఆ తర్వాత ఆరు ఆదివారాలు పాఠం అక్కడే సాగింది. మధ్యాహ్నం మిషన్లు ఆగినప్పుడు మేడం బండ మీద సుద్దముక్కతో బాణాలు గీసేవారు. బండ దూరం జరిపితే ఏమవుతుందో మొగులప్ప ముందే చెప్పేవాడు, ఎంత జరపవచ్చో అంబిక లెక్క కట్టేది. పరీక్షలో నిచ్చెన వచ్చింది. పొడుగు ఏడు మీటర్లు. ఆమెకు ముప్పై నాలుగు మార్కులు వచ్చాయి. ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతోంది.

కథ సుఖాంతం అనుకోకండి. ఆ మిడ్ పేపరు పట్టుకుని ఆమె సారు దగ్గరికి వెళ్లింది. "ఎప్పటి ముచ్చట అది, పాసైనవు గద" అని ఆయన పేపరు తిరిగిచ్చేశారు. పదకొండు పదకొండుగానే ఉంది. అంబికను కాల్చేది మాత్రం వేరే ఉంది. ఆమె ఇప్పుడు సాయంత్రాలు స్టేషన్ బయట తండ్రి కోసం ఆగుతోంది. ఆయన వస్తాడు. పక్కన స్నేహితురాళ్లు కనిపిస్తే మాత్రం ఆయన కాళ్లు వాటంతటవే ఆటోల వెనక్కి మళ్లుతాయి. ఆమె వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. ఎన్నిసార్లు తీసుకొచ్చినా ఆ అలవాటు పోలేదు. నేర్పింది తనే కదా!

ఇది చదివేవాళ్లకు నా విన్నపం. మీకు ఫిజిక్స్ వస్తే, లెక్కలు వస్తే, ఆదివారం రెండు గంటలు మీ తలుపు తెరిచి ఉంచండి. పిల్లలు తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పండి. తప్పు చేస్తే నవ్వకండి, ఎందుకట్లా చేశారో అడగండి. ఆ జవాబులో వాళ్ల ఇంటి పని, వాళ్ల తల్లిదండ్రుల ఒళ్లు నేర్చుకున్న చదువు ఉండవచ్చు. మీ పిల్లలు ఇంజినీరింగ్ చదువుతుంటే వాళ్ల కాలేజీకి వెళ్లి ఒక్కటి అడగండి: సారు తప్పుగా దిద్దితే మార్కులు సరిచేసే దారి ఏది? అలాంటి దారి లేదని వాళ్లంటే, ఒకటి పెట్టమనండి. ఒక్కరే పోతే పంపించేస్తారు, పదిమంది కలిసి పోండి. మొగులప్ప వస్తానన్నాడు, ముందు వరుసలో నిలబడతానని కూడా అన్నాడు. పక్కన నిలబడేవాళ్లు కావాలి.