తాబేలును పక్కన పెట్టిన మూడు నెలలు

నన్ను ఎవరైనా ఒక మాట అంటే నేను మర్చిపోను. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, అక్కడ ఎవరెవరు నవ్వారు, అన్నీ గుర్తుంటాయి. మా ఇంట్లోవాళ్లు దీన్ని రోగమంటారు. నేను జ్ఞాపకశక్తి అంటాను. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం డోన్‌లో, విత్తనాల దుకాణం మేడమీద, పదిమంది ముందు ఆ కండక్టరమ్మ నా తాబేలు గురించి అన్న మాటను ఇప్పటికీ పొల్లుపోకుండా చెప్పగలను.

"అన్నా, నీ తాబేలుతో ఆట పెట్టుకుంటే ఈన్నుంచి కర్నూలుకు పోయి మళ్లా రావచ్చు. అయినా నీ ఆట అయిపోదు."

అందరూ నవ్వారు. బస్సు కండక్టరు కాబట్టి ఆమెకు అలాంటి పోలికలే వస్తాయి. నవ్వినవాళ్లలో నా దుకాణంలో స్టీలు సామాన్లు కొన్నవాళ్లు ముగ్గురున్నారు.

తాబేలంటే కార్డు. మేం ఆడేది పేకాట కాదు. బొమ్మల కార్డులతో ఆడే యుద్ధం ఆట. ఒక్కొక్కరికి ఇరవై కార్డుల కట్ట, పది ప్రాణాలు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, దాని బలం ఎంతో ఒక అంకె ఉంటాయి. వంతుకొక కార్డు కట్టలోంచి తీసుకుని, చేతిలోవి ముందు పరిచి, ఎదుటివాడి ప్రాణాలు తీయాలి. తీసుకోవడానికి కట్టలో కార్డు లేకపోయినా ఓడినట్టే. తాబేలు ఎవరినీ కొట్టదు, అడ్డంగా కూర్చుంటుంది. బలం అయిదు వరకూ ఉన్న ఏ కార్డూ దాన్ని దాటలేదు. నేను ఆట నేర్చుకున్న రోజుల్లో అన్నిటికన్నా పెద్ద కార్డు బలం అయిదే. అంటే తాబేలు కోటగోడ. నా కట్టలో మూడు తాబేళ్లు ఉండేవి. ఆరేళ్లు వాటితోనే ఆడాను.

తర్వాత ఆరులు వచ్చాయి. ఆట తయారుచేసే కంపెనీ ఏడాదికి మూడు నాలుగుసార్లు కొత్త డబ్బా విడుదల చేస్తుంది. కొత్త కార్డు పాతదానికంటే ఒక పిసరు బలంగా లేకపోతే డబ్బా ఎవరు కొంటారు? నేనూ వ్యాపారినే, ఆ సంగతి నాకు తెలుసు. కానీ కొత్త మోడల్ బిందె వచ్చినంత మాత్రాన మీ ఇంట్లో పాత బిందె కారడం మొదలుపెట్టదు. ఈ ఆటలో కారుతుంది. నిన్నటిదాకా ఎవరూ దాటని తాబేలు, తన తప్పేమీ లేకుండానే, ఈరోజు అల్పమైపోతుంది. చివరికి గద్ద వచ్చింది. బలం ఏడు. పైగా అది కొట్టిన ప్రతిసారీ దాని యజమానికి కట్టలోంచి ఇంకో కార్డు వచ్చి చేతిలో పడుతుంది. కొట్టడమూ దానిదే, తెచ్చిపెట్టడమూ దానిదే. ఇది ఎక్కడి న్యాయమని నేను మేడమీద అడగని ఆదివారం లేదు.

మా పదకొండుమందికి ఒక పద్ధతి ఉండేది. మూడు నెలలకోసారి ఓటు వేసి ఒక కార్డును పక్కన పెడతాం. మళ్లీ ఓటు జరిగేదాకా దాన్ని ఎవరూ ఆడకూడదు. కంపెనీ చూడని న్యాయాన్ని మేమే చూసుకునేవాళ్లం. ఆ ఏడాది దీనికి ఇంకా విలువ వచ్చింది. బెంగళూరులో జరిగే పెద్ద పోటీకి మా నుంచి ఒక్కరినే పంపాలని అనుకున్నాం. మూడు నెలల్లో ఎక్కువ ఆటలు గెలిచిన ఇద్దరూ చివరి ఆదివారం ఒక ఆట ఆడాలి, గెలిచినవాళ్లు వెళ్లాలి. నాకు వెళ్లాలని ఉంది. గట్టిగా ఉంది. అంతకు ముందు రెండేళ్లూ నన్ను అడగనైనా అడగకుండా వేరేవాళ్లను పంపారు. గద్ద ఒక్కటి పక్కకు పోతే తాబేళ్లతో నేను గెలవగలను.

అంతవరకూ ఓటంటే చెయ్యెత్తడమే. ముఖాలు చూసి చెయ్యెత్తుతున్నారని గొడవపెట్టింది నేనే. అప్పుడు మూల కుర్చీలో కూర్చున్న పెద్దాయన నోరు విప్పాడు. ఆయన విత్తనాల దుకాణం యజమానికి తండ్రి. నలభై ఏళ్లు ఎద్దుల సంతల్లో దలాలీ చేసినవాడు. మా ఆట ముక్క కూడా తెలియదు.

"ఇంత రచ్చ యాలప్పా? నా తువ్వాల కింద చెయ్యి పెట్టి యేళ్లు పట్టుకోండి. ఎవురు ఏం చెప్పిందీ నా చేతికి తప్ప ఇంగొకరికి తెలీదు."

సంతలో ఎద్దుల బేరం అలాగే జరుగుతుంది. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి తువ్వాలు కింద కలుసుకుంటాయి, వేళ్లతోనే ధర చెప్పుకుంటాయి. చుట్టూ వందమంది ఉన్నా ఎవరికీ తెలియదు. అందరూ సరేనన్నారు. యజమాని విత్తనాల ధరలు రాసే నల్లబల్ల మీద అయిదు కార్డుల పేర్లు రాశాడు. మొదటిది తాబేలు, అది కండక్టరమ్మ చెప్పింది. నాలుగోది గద్ద, అది నేను చెప్పింది.

ఓట్లయ్యాక పెద్దాయన లెక్క చెప్పాడు. "ఒకటో దానికి నాలుగు. నాలుగో దానికి మూడు. తక్కినవి అటూ ఇటూ."

తాబేలు పోయింది, ఒక్క ఓటుతో.

నేను కండక్టరమ్మ వైపు తిరిగాను. "సంతోషమేనామ్మా? నీ బస్సు టైముకు నా కట్టంతా కూలదోసినావు."

"నా ఓటు నాది అన్నా," అంది. అంతే అంది. నేను అంతటితో ఆగలేదు. ఆ మూడు నెలలూ ఎదురైన ప్రతిచోటా, కొత్త బస్టాండులో కూడా, తాబేలును పడగొట్టింది ఈమేనని చెప్పాను. ఆమె ఒక్కసారి కూడా అవునన్లేదు, కాదన్లేదు. టికెట్లు కొట్టుకుంటూ పోయేది.

ఆమెది పత్తికొండ వైపు పల్లె. ఈ ఆట ఆమెకు ఎవరూ నేర్పలేదు. బస్సులో ఎవరో మర్చిపోయిన కట్టను డిపోలో అప్పజెబితే, నెలలు గడిచినా ఎవరూ అడక్కపోవడంతో తిరిగి ఆమె చేతికే ఇచ్చారట. అన్నీ సాదా కార్డులే. చీమ, ఉడుత, కప్ప. వాటితోనే మేడ ఎక్కింది.

గద్ద చెల్లుబాటులో ఉండేసరికి నెల తిరక్కుండా మేడమీద సగంమంది గద్దలు తెచ్చుకున్నారు. అందరికంటే ముందు తెచ్చుకున్నది రైల్వేలో పనిచేసే గుమాస్తా. వరసగా ఆరు ఆటలు గెలిచాడు. ఏడోది కండక్టరమ్మతో. నేను పక్కనే కూర్చున్నాను. ఆమె ఓడిపోతే చూడాలనే కూర్చున్నాను, దాచడమెందుకు.

ఆమె చీమను పెట్టింది. చీమ బలం ఒకటి. కానీ ఎంత పెద్ద దెబ్బయినా చీమతోనే ఆగిపోతుంది, వెనక ప్రాణాలకు తగలదు. పైగా చచ్చిన చీమ మళ్లీ చేతికి వస్తుంది. గుమాస్తా గద్ద కొట్టింది, అతనికి కార్డొచ్చింది. ఆమె మళ్లీ చీమను పెట్టింది. గద్ద కొట్టింది, కార్డొచ్చింది. కొట్టకుండా వదిలేస్తే చీమ వంతుకొక ప్రాణం తీస్తుంది, కాబట్టి కొట్టాల్సిందే. కొడితే కార్డు తీసుకోవాల్సిందే, వద్దన్నా కుదరదు. గుమాస్తా చెయ్యి నిండుతోంది, ముఖం వెలిగిపోతోంది. నాకు కడుపు మండుతోంది. ఉన్నట్టుండి అతను కట్ట కోసం చెయ్యి చాపాడు. బల్ల మీద కట్ట లేదు. చేతినిండా కార్డులు, తీసుకోవడానికి ఒక్కటీ లేదు.

"అయిపోయింది గదా సార్," అంది కండక్టరమ్మ.

అతను బల్ల కిందికి వంగి చూశాడు, కార్డులు కింద పడ్డాయేమోనని.

నేను గద్ద మీద ఎన్నో నెలలు అరిచాను. దాని మీద రాసిన నాలుగు వరుసలూ నాకు కంఠతా వచ్చు. కార్డు తెచ్చిపెట్టడం దాని బలమని తిట్టానేగానీ, అదే దాన్ని ముంచుతుందని నాకు ఒక్కసారీ తోచలేదు. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ, మాట్లాడకూడదని అనుకుంటూనే అడిగేశాను. "గద్దకు ఇది మందని నీకెట్ల తెలిసిందమ్మా?"

"మా యింట్లో బుడ్డలు ఏస్తారన్నా. ఒక కొత్త ఇత్తనం బాగా కాసిందంటే మరుసటేడు ఊరు ఊరంతా అదే ఏస్తారు. ఇంగ పురుగుకు ఎతుక్కునే పని ఉండదు. ఈడ గూడా అందరూ గద్దే తెచ్చినారు. నాకు ఒక్కదాని గురించి ఆలోచన చేస్తే సాలు."

వేరుశనగ చేను పోలికతో ఇంత తేలిగ్గా చెప్పింది. అంతకు ముందు నాకు ఆమె మీద ఉన్నది కోపమొక్కటే. ఆరోజు నుంచి దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. కోపం మాత్రం పోలేదు.

తాబేలు లేకపోయినా నేను ఆడటం మానలేదు. మానితే ఓడినట్టు. వల కార్డులు వేసి, ముళ్లపంది కార్డులు పెట్టి, కిందామీదా పడి గెలిచాను. మూడు నెలలు గడిచేసరికి మొదటి స్థానం ఆమెది, రెండోది నాది. చివరి ఆదివారం ఓటుతో మొదలవుతుంది, ఆ తర్వాత మా ఇద్దరి ఆట. తాబేలు తిరిగొస్తుంది. ఒకసారి పక్కన పెట్టిన కార్డును వెంటనే మళ్లీ పెట్టకూడదనేది మా నియమం. యజమాని నల్లబల్ల మీద మొదటి వరుసలో తాబేలును తుడిచేశాడు. ఖాళీ అలాగే ఉంచి, కొత్త పట్టికను రెండో నంబరు నుంచి రాశాడు. ఈసారి గద్ద రెండోది.

నా వంతు వచ్చింది. తువ్వాలు కింద చెయ్యి పెట్టి, పెద్దాయన బొటనవేలు వదిలి, పక్కనున్న రెండో వేలు గట్టిగా పట్టుకున్నాను. ఆయన చెయ్యి వదల్లేదు. ముఖం దగ్గరకు తెచ్చి, నాకొక్కడికే వినపడేలా అన్నాడు.

"శెట్టీ, ఒకటి తుడిచేసినారు గదా. బోర్డు మీద ఒకటి ల్యా."

"నేను రెండు చెప్పినా పెద్దాయనా. రెండో యేలు పట్టుకున్న్యా."

"ఏ యేలు పట్టుకున్న్యా ఒక యేలంటే ఒకటే నాయనా. రెండంటే రెండేళ్లు పట్టుకోవల్ల. ఎద్దును ఎప్పుడూ కొనలేదా?"

మా ఇంట్లో ఎవరూ ఎద్దును కొనలేదు. మూడు తరాలుగా దుకాణమే. ధర చీటీ మీద రాసి గిన్నెకు అంటిస్తాం. పోయినసారి నేను నాలుగో వేలు పట్టుకున్నాను. ఎలా పట్టుకోవాలో ఎవరినైనా అడిగుంటే తెలిసేది. ఎద్దుల బేరం తెలియదనిపించుకోవడం ఇష్టంలేక అడగలేదు.

"పోయినతూరి గూడా నేను ఇట్లే పట్టుకున్న్యానా?"

"పోయినతూరిది నాకు గుర్తుల్యా. తువ్వాల తీస్తానే మర్చిపోవల్ల. లేకపోతే నాకు సంతలో ఎవురు చెయ్యిస్తారు?"

ఆయనకు గుర్తుంది. కళ్లలో తెలుస్తోంది. అయినా చెప్పలేదు, ఎప్పటికీ చెప్పడు. రెండు వేళ్లు పట్టుకుని లేచాను. నా ఓటు సరిగా పడి ఉంటే తాబేలుకు మూడు, గద్దకు నాలుగు వచ్చేవి. తాబేలును పడగొట్టింది నేనే.

ఓట్లు లెక్కపెడితే గద్దకు రెండే వచ్చాయి. చీమలతో దాన్ని ఎలా ముంచాలో ఆమె చూపించాక ఎవరికీ దాని మీద భయం లేదు. వేరే ఏదో కార్డు పక్కకు పోయింది. నేను ఆమె ముందుకెళ్లి, నేను ఎవరెవరి ముందు ఆమెను అన్నానో వాళ్లందరి ముందే చెప్పాను. "పోయినతూరి తాబేలుకు పడిన ఓటు నాదేనమ్మా. యేళ్లు తప్పు పట్టుకున్న్యా. నిన్ను ఊరికే అన్నాను."

మేడంతా నవ్వులు. గుమాస్తా బల్ల కొట్టి మరీ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నాకు అప్పుడే తెలుసన్నా. నీ పక్కనే ఉంటి గదా. నాలుగేళ్లు పట్టుకునేటోనికి మణికట్టు తిరగల్ల. నీది తిరగల్యా. మా నాయన యెంట చిన్నప్పట్నుంచి సంతకు పోయినదాన్ని."

"మరి చెప్పల్యా? మూడు నెలలు నాతో మాటలు పడితివే."

"తువ్వాల కిందిది బయట చెప్పగూడదు గదా." కట్ట బయటికి తీస్తూ అంది. "నా ఓటు గూడా తాబేలుకే వేసినా అన్నా. అది నిజమే. నువ్వు తిట్టింది సగం సరిపోయింది."

ఆట మొదలైంది. ముందు వంతు ఆమెది. నేను తాబేలును పెట్టాను. చీమలు దాన్ని దాటలేవు. నా ముళ్లపందులు చీమల్ని చంపినా అవి తిరిగొస్తాయి. ఎవరికీ ప్రాణాలు పోవడం లేదు. కానీ ముందు మొదలుపెట్టింది ఆమె కాబట్టి కట్ట ముందు అయిపోయేది కూడా ఆమెదే. నేను కూర్చుంటే చాలు. కూర్చోవడం నాకు వచ్చు. నా దగ్గర రెండు వలలు ఉన్నాయి. వల వేస్తే ఏ కార్డయినా మళ్లీ రాదు. చీమల చికాకు భరించలేక రెండూ చీమల మీదే వేశాను. ఆమె చేతిలో అంతకంటే పెద్దది ఇంకేముంటుంది?

ఆమె కట్టలో మూడు కార్డులు మిగిలినప్పుడు, చేతిలోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. గద్ద.

నా దగ్గర వల లేదు. తర్వాతి వంతులో ఒక కార్డు తీసుకుంది, కొట్టింది, నావి ఏడు ప్రాణాలు పోయాయి. గద్ద ఇంకో కార్డు ఇచ్చింది. కట్టలో ఒక్కటే మిగిలింది. ఆ తర్వాతి వంతులో ఆ ఒక్కటీ తీసుకుని కొట్టింది, నాకు మిగిలిన మూడు ప్రాణాలూ పోయాయి. కట్టలో ఇక ఏమీ లేదు. నేను ఇంకొక్క వంతు నిలబడి ఉంటే గెలుపు నాది. ఆమె దాన్ని చివరి కార్డుదాకా లెక్కపెట్టి పెట్టింది. గద్ద మొదటి నుంచీ చేతిలోనే ఉందట, నా రెండు వలలూ పోయేదాకా ఆగిందట.

"ఇది అన్యాయమమ్మా," అన్నాను. "నువ్వు గద్దకు ఎదురు ఆడేదానివి గదా?"

"గద్దను తిట్టింది నువ్వు గదన్నా. నాకు దాంతో ఏం పగ? నేను దాన్ని సదువుకున్న్యా, అంతే."

ఆరేళ్లు నేను తాబేలు పక్షాన ఉన్నాను. ఆమె ఏ కార్డు పక్షానా లేదు. ఎదురుగా ఏముందో చూస్తుంది, దానికి ఏది సరిపోతుందో అది తీస్తుంది. కంపెనీ రేపు ఎనిమిది తెచ్చినా, పది తెచ్చినా ఆమె దాన్నీ అలాగే చదువుతుంది. నాకు అది చేతకాదు. చేతకాదని తెలిసి కూడా, ఆ ఆటను పక్కనుంచి కాక ఎదురుగా కూర్చుని చూసినందుకు నాకు గర్వంగానే ఉంది.

యజమాని నల్లబల్ల తుడిచి, బెంగళూరుకు వెళ్లేది ఎవరో రాశాడు. నేను కార్డులు డబ్బాలో సర్దుకుంటుంటే ఆమె ఆపింది.

"యాడికి పోతాండావన్నా? నాకు రైలుకు ఇంగా పది రోజులుండాది. అక్కడ నీ మాదిరి కూచ్చోనే ఆడేటోళ్లు శానామంది ఉంటారంట. నాతో ఇంగ నాలుగాట్లు ఆడు."

కుర్చీ విరిగిందని, టీ చల్లారిందని, వెళ్లాల్సిన నేను వెళ్లకుండా వెళ్లేవాళ్లకు పాఠం చెప్పాలా అని, అనాల్సినవన్నీ అన్నాను. ఆమె అన్నీ విన్నది. కట్ట కలిపి, కొయ్యమని ఆమె ముందు పెట్టాను.