పెద్దమ్మ ఎంచుకున్న యాంప్లిఫైయర్

మా పెద్దమ్మ పోయిందని మత్తిగిరి నుంచి పక్కింటామె ఫోన్ చేసి చెప్పింది. పొద్దున పాలు పోసేవాడు పిలిచినా తలుపు తీయలేదంట. ఈమె దగ్గర ఇంకో తాళంచెవి ఉంటే తెరిచి చూసిందంట. "కుర్చీలోనే ఉండాదప్పా. నిద్రపోతా ఉన్నట్లే ఉండాది. చేయి ముట్టి చూసినాను, సల్లగా ఉండాది. ఆ పాటల పెట్టె మాత్రం ఇంకా వెచ్చగా ఉండాది," అనింది. ఆ చివరి మాట ఎందుకన్నానా అనుకుందేమో, వెంటనే ఫోన్ పెట్టేసింది.

నేను కృష్ణగిరిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కరెంటు పనులు చూసుకుంటాను. హోసూరు బస్సులో కూర్చున్నంతసేపూ పెద్దమ్మ ముఖం తలుచుకుందామంటే రాలేదు. ఎప్పుడూ ముట్టుకుంటా ఉన్న ఆ పెట్టె పైరేకు వెచ్చదనమే అరచేతికి తగిలినట్లుండింది. ఆమెతో కూడా అంగళ్లు తిరిగి దాన్ని కొనిచ్చింది నేనే.

మీలో ఎవరూ మా పెద్దమ్మని చూసుండరు. మా అమ్మకి అక్క. కెలవరపల్లి డ్యామ్ పక్క ఊర్లో రాగి, అవరె చిక్కుడు పండించే కుటుంబంలోకి కోడలుగా వచ్చింది. పెద్దనాన్నకి మత్తిగిరి పశువుల ఫారంలో ఉద్యోగమైనాక చేన్లు మరిదికి వదిలి మత్తిగిరికి వచ్చేసినారు. ఒకే కూతురు, నాకు అక్క. కాలేజీలో చేరిన ఏడాదే కామెర్లు వచ్చి పోయింది. కొన్నేండ్లకి పెద్దనాన్నా పోయినాడు. ఆ ఇంట్లో మిగిలింది పెద్దమ్మా, పెద్దనాన్న ముచ్చటపడి కొన్న రెండు పెద్ద స్పీకర్లూ, అక్క పాట ఒకటీ.

ఆ పాట పట్టింది పెద్దనాన్నే. ఊర్లో ఇంటి పంచలో అక్కని కూర్చోబెట్టి, టేప్ రికార్డర్ ముందర పెట్టి, నాట్లేసేటప్పుడు ఆడోళ్లు పాడే పాట పాడించినాడు. పాట సగంలో ఆగిపోతుంది. అక్క తరువాతి మాట మరిచిపోయి ఆపేసిందని పెద్దమ్మ చెప్పేది. మేమందరమూ అట్లనే అనుకున్నాము. క్యాసెట్ అరిగిపోతుందని నేనే దాన్ని మొదటి నుంచి చివరి దాకా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చినాను.

దినమూ సాయంత్రం దీపం పెట్టినాక పెద్దమ్మ ఫ్యాను ఆపేసేది. కాఫీ లోటా మీద చిన్న స్టీలు తట్ట మూసేది. పాట అయినాకనే తాగేది, ఎంత సల్లారినా సరే. పాట వినేటప్పుడు వాల్యూమ్ ఎప్పుడూ పెంచేది కాదు. "ఇంకొంచెం గట్టిగా పెట్టు పెద్దమ్మా," అంటే, "గట్టిగా ఏంటికప్పా, దగ్గరగా ఉంటే చాలు," అనేది. ఆమెకి గొంతులంటే అట్లాంటి పట్టింపు. నేను ఫోన్‌లో "హలో" అంటానే, "ఏమప్పా, పొద్దున ఏమీ తినలేదా?" అని అడిగేది. నేను నిజంగానే తినుండను.

ఒక వానాకాలంలో పిడుగు పడి పెద్దనాన్న కాలంనాటి యాంప్లిఫైయర్ మాడిపోయింది. హోసూరులో చూపిస్తే లోపలి సామాన్లు ఇప్పుడు దొరకవన్నారు. నాకు అది పెద్ద విషయంగా తోచలేదు. ఫోన్‌లో పాట ఎక్కించి, కొత్తగా కొన్న చిన్న బ్లూటూత్ స్పీకర్ తీసుకుపోయి ఆమె ముందర పెట్టినాను. పెద్దమ్మ ఫ్యాను ఆపి, కాఫీ మీద తట్ట మూసి, విన్నది. విన్నాక నా పక్క చూసి మెల్లగా అడిగింది.

"ఇది మన పాపేనా అప్పా?"

"పాపే పెద్దమ్మా. అదే పాట."

"పాప పాడినట్ల లేదు. పాప మాదిరి ఇంకెవరో పాడినట్లుండాది."

ఇంకొకసారి పెట్టినాను. నాకూ అట్లనే వినిపించడం మొదలైంది.

పాట లేని ఆ వారాల్లో పెద్దమ్మ మనిషి తగ్గిపోయింది. దీపం పెట్టినాక ఏం చేయాల్నో తెలియక పంచలో కూర్చునేదని పక్కింటామె చెప్పింది. అందుకని ఒక ఆదివారం ఆమెని పిలుచుకొని హోసూరు అంగళ్లన్నీ తిరిగినాను. నేను మోటర్ల మధ్య బతికేవాణ్ణి కదా, పెట్టె మీద వాట్లు ఎంత ఎక్కువ రాసుంటే అంత మంచిదనుకున్నాను. అమ్మేవాళ్లూ అట్లనే చెప్పినారు. ఒకచోట పెట్టె ఆన్ చేస్తానే నీలం లైట్లు ఎలిగినాయి, అద్దాల తలుపు అదిరింది. అక్క గొంతు బావిలో నుంచి వచ్చినట్లు వచ్చింది. పెద్దమ్మ స్టూలు మీద నుంచి లేచి నిలబడింది.

"ఎవరప్పా ఈమె? వద్దు, ఆపమను."

బెంగళూరు రోడ్డులో ఇంకో అంగట్లో విదేశీ పెట్టె ఒకటి బాగానే పాడింది. ధర అడిగినాక ఇద్దరమూ నవ్వుకున్నాము. "పాడి ఆవే వస్తుంది కదప్పా దీనికి," అని, పోయేముందు దాన్ని ఒకసారి ఆవు మెడ నిమిరినట్లు నిమిరింది.

చివరికి మా ఫ్యాక్టరీలో ఒకాయన చెప్తే, కృష్ణగిరి పాతపేటలో ఒక మెకానిక్ దగ్గరికి పోయినాము. తమిళాయన, మన తెలుగూ మాట్లాడతాడు. మేము అడగకముందే ఆయనే అడిగినాడు. గది ఎంతుంటుంది, ఆ స్పీకర్లు ఎట్లాంటివి, ఏం వింటారు అని. ఒకే ఒక పాట అని చెప్తే నవ్వలేదు. "స్పీకర్లు ఎత్తుకొని రండమ్మా. వాటితో వినకుండా పెట్టె కొంటే, కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్లే," అన్నాడు.

మళ్లీ వారం ఆటోలో ఆ రెండు స్పీకర్లనీ పాత చీరల్లో చుట్టుకొని పోయినాము. ఆయన వాటి వెనకాల రాసింది చదివి, గుడ్డతో తుడిచి, నాకు చెప్పినాడు. "ఇవి పాతకాలం పెద్ద స్పీకర్లు సార్, కొంచెం పవర్ ఇస్తే చాలు, బాగా పలుకుతాయి. ఈమె గదికి వేల వాట్లు ఏంటికి? అట్టపెట్టె మీద వేసిన లెక్కని నమ్మొద్దు. వీటి వెనకాల రాసుండే ఓమ్స్ లెక్కకి పెట్టె సరిపోతుందా చూడండి. ఎత్తి చూడండి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ మంచిదైతే బరువుంటుంది. లైట్లకీ రిమోట్‌కీ పెట్టే డబ్బు దానికి పెడితే మేలు."

తరువాత ఆయన చేసిన పని పెద్దమ్మకి బాగా నచ్చింది. పాట పెట్టకుండానే ఒక్కొక్క యాంప్లిఫైయర్‌ని తగిలించి, వాల్యూమ్ తిప్పి, "ముందు ఏమీ లేనిది వినండమ్మా," అన్నాడు. పెద్దమ్మ కొంగు సర్దుకొని స్పీకర్ దగ్గర చెవి పెట్టింది. ఒకదాంట్లో గుమ్మని మోత. ఇంకోదాంట్లో పెనం మీద నీళ్లు చల్లినట్లు చురచుర. చివరిదాన్ని తగిలిస్తే చెవి తీసి ఆయన్ని అడిగింది.

"ఆన్ చేసినావా అప్పా?"

"చేసినానమ్మా."

"అయితే ఇదే."

రెండు స్పీకర్లకి సరిపడే మామూలు పెట్టె అది. ఎవరో వాడి అమ్మేసింది. పాతబడిన కెపాసిటర్లు ఆయనే మార్చి పెట్టినాడు. ముందర మూడు తిప్పుడు గుండ్లు, ఒక ఎర్ర చుక్క లైటు, అంతే. కొత్తది కొనే డబ్బులో సగం కూడా కాలేదు. పాట పెట్టినాడు. బయట బస్టాండుకి పోయే బండ్ల మోత. ఆ మోతలోనే, పాట మొదలు కాకముందు అక్క ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. అన్నేండ్లలో ఎప్పుడూ వినలేదు. పెద్దమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, "వచ్చేసింది," అనింది. పాట కాదు, మనిషి ఇంటికి వచ్చినప్పుడు అనేట్ల.

ఆ సాయంత్రమే మత్తిగిరి ఇంట్లో వైర్లు తగిలించినాను. పెద్దమ్మ ఫ్యాను ఆపింది. వీధిలో ఏ చప్పుడూ లేదు. పాట బాగా వచ్చింది. అక్క ఎదురుగా చాప మీద కూర్చొని పాడతా ఉన్నట్లే. పాట ఆగే చోటికి వచ్చింది. అప్పుడు అక్క గొంతు వెనకాల, దూరం నుంచి, పాతపేటలో బండ్ల మోతకి వినబడని ఇంకో ఆడమనిషి గొంతు వినిపించింది.

"చాల్లే పాపా. ఎవరన్నా వింటారు. ఆపు."

పాట ఆగిపోయింది.

నేను పెద్దమ్మ పక్క చూడలేకపోయినాను. పాత పెట్టె గుమ్మనే మోత కింద అన్నేండ్లు ఆ మాట దాగి ఉండింది. పెద్దమ్మ మాత్రం ఎవరో కొత్తామె గురించి అడిగినట్లు అడిగింది.

"అది ఎవరప్పా?"

నేను పెట్టె వెనకాల వైర్లు సర్దుతా ఉండిపోయినాను.

"ఇంకొకసారి పెట్టు."

పెట్టినాను. విన్నది. "నేనే," అనింది. "పాప మరిచిపోలేదు. నేనే ఆపినాను. రోడ్డున పోయేవాళ్లు వింటే, పిల్ల పాటలు పాడతాదని పెండ్లి సంబంధాలు రావని..." కాఫీ మీద తట్ట తీయలేదు. ఆ పొద్దు ఆమె అన్నం కూడా తినలేదు.

మంచి వస్తువు కొనిచ్చి ఆమెకి కీడు చేసినానే అని నాకు దినాల తరబడి అదే బాధ. మెకానిక్‌ని అడిగితే, సన్నటి చప్పుళ్లని పెంచే కుడిపక్క గుండు కొంచెం తగ్గిస్తే ఆ వెనక గొంతు మరుగైపోతుందన్నాడు. వెంటనే మత్తిగిరికి పోయి చెప్పినాను. పెట్టె మీద పెద్దమ్మ పాత దుప్పటి కప్పి ఉండింది. నేను గుండు తిప్పబోతే చేయి పట్టుకున్నది.

"వద్దప్పా. పాపనీ తగ్గించినట్లే కదా. ఉండనీ. అన్నాను కాబట్టి వినబడతాంది. అంతే."

దుప్పటి ఆమే తీసింది.

ఆ తరువాతే పక్కింటామె నాకొక మాట చెప్పింది. సాయంత్రం పాట ఆగినాక గోడ అవతల నుంచి పెద్దమ్మ గొంతు వస్తుందంట. "పాడమ్మా. ఎవరన్నా విననీ. పాడు." దినమూ అదేనంట. మొదట్లో ఆమెకి భయమేసిందంట. తరువాత తన పిల్లల్ని ఆ సమయానికి టీవీ తగ్గించమని చెప్పేదంట.

ఒకసారి నేనుండగానే అట్లా అనింది. అన్నాక పెట్టె ఆపలేదు. పాట ఆగినా పెద్దనాన్న టేప్ ఆపకుండా వదిలేసినట్టుండాడు. దాంట్లో చాలాసేపు ఊరి ఇల్లే ఉంది. దూడ అరుపు, బిందె కింద పెట్టిన చప్పుడు, లోపలికి పోయే అడుగులు. తరువాత ఏమీ లేదు, ఉత్త గాలి. పెద్దమ్మ ముందుకి వంగింది.

"ఇప్పుడు విను," అనింది. "విన్నావా?"

"లేదు పెద్దమ్మా."

"పాప లోపలికి పోయింది కదా, ఆడనే పాడతాంది. మిగతాది. మెల్లగా, నాకు వినబడకుండా." ఆమె ముఖంలో భయముందో సంతోషముందో నాకు తెలియలేదు. "నేను వద్దన్నాను. అయినా పాడింది చూడు."

నేను స్పీకర్ జాలికి చెవి ఆనించి విన్నాను. నాకు గాలి చప్పుడే వినబడింది. లేదని మళ్లీ చెప్పలేదు, ఉందనీ చెప్పలేదు. ఆ దినం నుంచి ఆమె పాట కోసం కంటే పాట తరువాత వచ్చే ఆ నిశ్శబ్దం కోసమే ఎక్కువ కూర్చునేది. మనిషి తేరుకున్నది. మళ్లీ ఫోన్‌లో నా గొంతు విని తిన్నానో లేదో చెప్పడం మొదలుపెట్టింది. వీధిలో ఏ ఆడపిల్ల కూనిరాగం తీసుకుంటా పోయినా, పిలిచి చేతిలో బెల్లంముక్క పెట్టి, "గట్టిగా పాడు తల్లీ," అనేదంట. గట్టిగా పాడమనే మాట ఆమె నోట అంతకుముందు నేను ఎప్పుడూ వినలేదు.

మంచి వినికిడి అంటే ఏమని నన్నెవరన్నా అడిగితే, ఆమె పుణ్యమా అని నాకొక జవాబుంది. ఇష్టమైనంతవరకే వినిపించేది మంచి పెట్టె కాదు. వినేవాళ్లు మంచివాళ్లనిపించుకోవాలంటే, వినిపించిందాన్నంతా కూర్చొని వినాలి. ఆమె కూర్చున్నది.

పదకొండో దినం కార్యానికి కెలవరపల్లి నుంచి, హోసూరు నుంచి చుట్టాలందరూ మత్తిగిరి ఇంటికి వచ్చినారు. భోజనాలైనాక ఆడోళ్లు నడవలో చాపలు పరుచుకొని కూర్చున్నారు, ఒకరు తమలపాకులు తుడుస్తా, ఇంకొకరు పిల్ల జడ అల్లుతా. ఎవరో ముసలామె, "ఆ పాప పాట ఉండాలే, పెట్టప్పా ఒకసారి," అనింది. పెట్టినాను. అక్క ఊపిరి పీల్చింది, పాడింది. పెద్దమ్మ గొంతు ఆపమనింది. పాట ఆగింది.

నేను ఆపుదామని లేచినాను. ఎందుకో ఆపలేదు. దూడ అరిచింది. అడుగులు లోపలికి పోయినాయి. తరువాత ఉత్త గాలి మొదలైంది. తమలపాకు తుడిచే చేయి ఆగిపోయింది. సగం అల్లిన జడ పట్టుకున్నామె దాన్ని అట్లనే పట్టుకొని ఉండింది. నాకు ఏమీ వినబడలేదు. అంతమంది ఆడోళ్లూ, చిన్న పిల్లతో సహా, మెల్లగా తలలు తిప్పి లోపలి గది వాకిలి పక్క చూస్తా కూర్చున్నారు.