పక్కచూపు లేని కారు

మా మావయ్యకు తనంతట తాను పనిచేసే వస్తువు మీద నమ్మకం లేదు. వాషింగ్ మెషీన్ తిరుగుతున్నంతసేపూ దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాడు. లిఫ్టు దిగాక వెనక్కి తిరిగి దాన్ని ఒకసారి ఎగాదిగా చూస్తాడు, ఈసారికి వదిలేశాను పో అన్నట్టు. అలారం సరిగ్గా మోగుతుందో లేదో చూడటానికి అలారం కంటే ముందే లేచి కూర్చుంటాడు.

అలాంటి మనిషి అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ ఉన్న కారు కొన్నాడు. మనం ఒక వేగం చెప్పి వదిలేస్తే, ముందు బండి నెమ్మదించినప్పుడు తానూ నెమ్మదించి, అది తప్పుకోగానే మళ్లీ మనం చెప్పిన వేగం అందుకునే కారు అది.

"ఏమండీ, మతి గానీ పోయిందా మీకు?" అంది అత్తయ్య.

"దీన్ని షోరూంలో వదిలేస్తే ఎవడో అమాయకుడు కొనుక్కుని నమ్మేస్తాడే. నా దగ్గరుంటే కాస్త అదుపులో ఉంటుంది."

మావయ్యది కళ్లజోళ్ల దుకాణం. మనిషి ఎదురుపడితే ముఖం కంటే ముందు చూపు గమనిస్తాడు. కారునూ అలాగే పరీక్షించాడు. ముందు వెళ్లే బండిని పసిగట్టే సెన్సారుకు కన్ను అని పేరు పెట్టి, బయల్దేరే ముందు ప్రతిసారీ అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో దాన్ని తుడిచేవాడు. వారం తిరక్కుండానే రోగనిర్ధారణ అయిపోయింది.

"దూరపు చూపు దివ్యంగా ఉంది. పక్కచూపు బొత్తిగా లేదు. మలుపుల్లో తికమక. వానలో మసక. బురద పడితే గుడ్డిది."

"కళ్లజోడు పెట్టించకపోయారా?" అంది అత్తయ్య.

"నేనున్నానుగా, కళ్లజోడులా."

ఇక నా సంగతి. చదువుకునే రోజుల్లో మా కాలేజీ బస్సు ఒకసారి ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దింది. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. కానీ ఆ చప్పుడు నా ఒంట్లోనే ఉండిపోయింది. అప్పటికే నేర్చుకున్న డ్రైవింగు అక్కడితో మానేశాను. ముందు బండి వెనకదీపాలు ఎర్రగా వెలిగితే చాలు, నా అరచేతులు చెమటతో తడిసిపోతాయి. బండి ఎక్కితే ముఖానికి అడ్డంగా పుస్తకం పెట్టుకుంటాను. లోకం, నేను చదువుకుంటున్నాననుకుంటుంది.

ఎమ్మే అయ్యాక ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. కాలేజీ హైవే అవతలి చివర. రైలు లేదు. రోజూ ఆ రోడ్డు మీద వెళ్లగలిగితేనే ఉద్యోగం, లేకపోతే లేదు. రానని చెప్పడానికి ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా.

"ఒక్క వారం నేను దింపుతాను. ఆ తర్వాత నీ ఇష్టం తల్లీ," అన్నాడు మావయ్య.

మొదటిరోజే తెలిసింది, ఆయన కారుతో మాట్లాడతాడని.

"అదిగో, ముందు పాలవ్యాను. చూశావా? ఊఁ, తగ్గు. తగ్గావు. శభాష్. ఇప్పుడు ఎడమపక్కనుంచి మోటారుసైకిలు దూరుతోంది. నీకు కనబడలేదు కదూ? నాకు కనబడిందిలే. మలుపొస్తోంది. ముందున్నవాడు కాస్త పక్కకు జరిగితే దారి ఖాళీ అనుకుని ఉరుకుతావు నువ్వు. నీ సంగతి నాకు తెలీదూ? కాసేపు పడుకో." టక్కున మీట నొక్కి క్రూజ్ ఆపేసేవాడు.

పుస్తకం చాటునుంచే అన్నాను: "మావయ్యా, కారుకు చెవుల్లేవు."

"లేకపోతేనేం? వినేవాళ్లు వింటారు."

మూడోరోజు సన్నగా తుంపర పడుతోంది. మావయ్య క్రూజ్ జోలికి పోలేదు. "మసక చూపుదానివి, నీకు సెలవు," అన్నాడు. వాన వెలిసి రోడ్డు ఆరాక బండి పక్కకు ఆపి, దిగి, కన్ను తుడిచి వచ్చి మీట నొక్కాడు. మా ముందు ఒక పెద్ద ట్యాంకరు. దాని వెనక బోలెడంత ఎడం ఉంచి వెళుతున్నాం.

"ట్యాంకరువాడు వరస మారుతున్నాడు," అన్నాడు మావయ్య. మరుక్షణం, అదే గొంతుతో, దుకాణంలో గోడమీది అక్షరాలు చదివించేటంత నెమ్మదిగా: "దాని ముందు లారీ ఆగిపోయి ఉంది. ఇది ఉరకబోతోంది. నేను బ్రేకు తొక్కుతున్నాను. గట్టిగా కూర్చో."

నిజంగానే కారు ఉరకబోయింది. ఇంజను గొంతు పెరగడం నా వీపుకు తెలిసింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఆ పాత చప్పుడు కోసం ఒళ్లంతా బిగుసుకుంది. బెల్టు ఛాతీకి పట్టేసింది, పుస్తకం ఎగిరిపడింది.

చప్పుడు రాలేదు.

కళ్లు తెరిస్తే లారీ ఇంకా అల్లంత దూరంలో ఉంది. మావయ్య అద్దంలో వెనక్కి చూసి, నాలుగు మూలల దీపాలూ వెలిగించాడు. ఆయన కుడికాలు మీట నొక్కినప్పటినుంచీ బ్రేకు మీదే గద్దలా కాచుకుని ఉందని అప్పుడు గమనించాను.

"కదిలే బండి వెనక నడవడమే దీనికి బాగా వచ్చమ్మా. హఠాత్తుగా ఎదురుపడ్డ ఆగిన బండిని ఒక్కోసారి లెక్కచేయదు. కారుతో ఇచ్చిన పుస్తకంలోనే రాశారు. ఎవరు చదువుతారు?"

మెల్లగా పక్క వరసలోకి మారి లారీని దాటాక, కాళ్లదగ్గర పడిన నా పుస్తకం చూపించి, "ఏ పేజీలో ఉన్నావు?" అని అడిగాడు.

"గుర్తులేదు."

"ఎలా ఉంటుంది? చదువుకునే కళ్లజోడు నీ పర్సులోనే ఉందిగా. నేను చేసిచ్చిందే, నాకు తెలీదూ? అదేమిటి, పుస్తకంలోంచి జారింది?"

"నా డ్రైవింగు లైసెన్సు."

"అక్కడెందుకుంది?"

"పేజీ గుర్తుకి."

మావయ్య చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు గానీ ఏడుపూ రాలేదు. అది కొత్తే.

ఆ ఆదివారం అత్తయ్యతో కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. "మావయ్యకు కారుతో మాట్లాడే జబ్బు ఎప్పటినుంచి?" అన్నాను.

"మాట్లాడటమా? మీ మావయ్యా?" అత్తయ్య చేతిలో దుప్పటి ఆగిపోయింది. "నాతో వస్తే మూగనోము పట్టినట్టు ఉంటారు. ఇంత దూరం వెళుతున్నాం, ఒక్క ముక్కైనా మాట్లాడండీ అని నేనే పోరుతుంటాను. రోడ్డు చూడనీవే అంటారు."

నేను దుప్పటి రెండోకొస అలాగే పట్టుకుని ఉండిపోయాను. పాలవ్యాను, మోటారుసైకిలు, మలుపు, లారీ. ఎవరికి కనబడటం లేదని ఆయన అవన్నీ చెబుతూ వచ్చాడో!

మర్నాడు మావయ్య కారు కన్ను తుడిచి, తాళం నా చేతిలో పెట్టి, పక్కసీట్లో కూర్చున్నాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను.

"క్రూజ్ వద్దు మావయ్యా. నా కాలితోనే నడుపుతాను."

"ఇంకా మంచిది."

హైవే ఎక్కాక నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ముందు బస్సు. ఎర్రదీపాలు వెలిగాయి. తగ్గిస్తున్నాను. కుడిపక్క వ్యాను. చూశాను." అరచేతులు తడిగానే ఉన్నాయి. స్టీరింగు మాత్రం జారలేదు.

మావయ్య సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

"నిద్రపోతావా ఏంటి?"

"నువ్వు చూస్తున్నావుగా," అన్నాడు. వాషింగ్ మెషీన్‌ను కూడా నమ్మని మనిషి, రెండు నిమిషాల్లో గురక పెట్టాడు.

సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు ఆయనకేసి చూశాను. కళ్లు మూసే ఉన్నాయి. గురక చక్కగా లయ తప్పకుండా వస్తోంది. కుడికాలు మాత్రం కిందున్న మ్యాటును బలంగా తొక్కిపట్టి ఉంది.

"మావయ్యా, అక్కడ బ్రేకు లేదు."

గురక ఆగింది.

"తెలుసులే," అన్నాడు కళ్లు తెరవకుండానే. "నువ్వు రోడ్డు చూడు."